72 గంటలు డెడ్‌లైన్ కాదు మహాశయా!

మా టీములో ఒక కుర్రాడున్నాడు. ప్రొడక్షన్లో చిన్న బగ్గొస్తే చాలు, లాగులన్నీ తవ్వి మూలం దొరికేదాకా కాఫీ కూడా ముట్టడు. అలాంటివాడు ఒక గురువారం నన్ను పక్కకి పిలిచి, గొంతు బాగా తగ్గించి అడిగాడు. "అన్నా, ఆ మాత్రకి 72 గంటలు టైముంటది కదా. నిన్న రాత్రి నుంచి లెక్కేస్తే శనివారం రాత్రి దాకా ఉన్నట్టే. వీకెండ్లో తీసుకుంటే సరిపోద్దా?"

సరిపోదు నాయనా, ముందు లేచి మెడికల్ షాపుకెళ్ళు అన్నాను. వెళ్ళాడనుకోండి.

వాడొక్కడిదే అయితే ఇంత రాయక్కర్లేదు. మనందరిదీ అదే సరుకు. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం రాగానే మాస్టారు "ఇది ఇంట్లో చదువుకోండి" అని పేజీలు తిప్పేశారు. తర్వాత ఎంపీసీ, ఎంసెట్, బీటెక్. జీవశాస్త్రంతో మన సంబంధం అక్కడితో సరి. ఇప్పుడు మన విజ్ఞానమంతా మాత్ర అట్ట మీద రాసున్న అంకె. అన్నట్టు ఒక బ్రాండుకి ఆ అంకెని పేర్లోనే తగిలించారు, అన్‌వాంటెడ్-72 అని. ఇక జనం దాన్ని బిల్లు కట్టే ఆఖరి తేదీలా చూడకేం చేస్తారు?

అసలు లోపల జరిగేదేంటో చూద్దాం. వీర్యకణాలు స్త్రీ శరీరంలో ఐదు రోజుల దాకా బతుకుతాయి. విడుదలైన అండం బతికేది మాత్రం ఒక్క రోజు, అంతకన్నా తక్కువ కూడా. అందుకే గర్భం వచ్చే అవకాశం నెలలో ఆరు రోజులే: అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు ఐదు రోజులు. మాత్రలో ఉండేది లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోను, 1.5 మిల్లీగ్రాములు. అది చేసే పని ఒక్కటే, అండం విడుదలని వాయిదా వెయ్యడం. అండం బయటికొచ్చేశాక మింగితే ఇక వాయిదా వెయ్యడానికేం మిగల్లేదు. అంటే మీ పోటీ గడియారంతో కాదు, అండంతో. పక్కా రేస్ కండిషన్. పైగా అవతలి ప్రాసెస్ ఎప్పుడు మొదలైందో మీకు తెలీదు.

1998లో వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనంలో, మొదటి 24 గంటల్లో తీసుకుంటే రావలసిన గర్భాల్లో 95 శాతం ఆగాయి. రెండో రోజు 85. మూడో రోజు 58. తర్వాతి అధ్యయనాల్లో తేడా ఇంత నిటారుగా కనపడలేదు గానీ, ఎంత తొందరైతే అంత మంచిదన్న మాట మాత్రం మారలేదు. అలాగని 72 దాటిందని చేతులెత్తెయ్యక్కర్లేదు. ఐదో రోజు దాకా తీసుకోవచ్చు, ఫలితం తగ్గుతుంది. అంటే ఆ అంకె రెండు వైపులా తప్పుదారి పట్టిస్తోంది. ముందున్నవాణ్ణి నిద్రపుచ్చుతుంది, దాటినవాణ్ణి ఊరికే భయపెడుతుంది.

"మా ఆవిడ ఫోన్లో యాప్ ఉంది, సేఫ్ డేస్ చూపిస్తుంది" అనే మేధావులకో మాట. 2000లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో వచ్చిన పరిశోధన ప్రకారం, ఆ ఆరు రోజులూ పుస్తకాల్లో చెప్పినట్టు 10 నుంచి 17వ రోజు మధ్యలోనే పడేది దాదాపు 30 శాతం మందికి మాత్రమే. మిగతావాళ్ళకి ఇటో అటో జరుగుతుంది. యాప్ చేసేది పాత డేటా చూసి ఊహించడం. ఎస్టిమేట్లు ఎంత నిజమవుతాయో మనకి వేరే చెప్పాలా?

అన్నిటికన్నా గట్టి ఎమర్జెన్సీ ఉపాయం మాత్ర కాదు, కాపర్-టి. ఐదు రోజుల్లోపు డాక్టరు చేత వేయించుకుంటే 99 శాతం పైనే పనిచేస్తుంది, ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఉంటుంది. సర్కారు ఆసుపత్రుల్లో ఉచితం. దీనికి టీవీ యాడ్ ఉండదు కాబట్టి మనకి తెలీదు.

మరికొన్ని గబగబా. ఇది అబార్షన్ మాత్ర కాదు. అప్పటికే గర్భం నిలిచుంటే దీనివల్ల ఏమీ కాదు. అబార్షన్‌కి వాడే మిఫెప్రిస్టోన్ పూర్తిగా వేరు, డాక్టరు లేకుండా దాని జోలికెళ్ళకూడదు. పిల్లలు పుట్టకుండా పోతారన్నది అబద్ధం. మింగిన రెండు గంటల్లోపు వాంతయితే మళ్ళీ వేసుకోవాలి. టీబీకి రిఫాంపిసిన్, ఫిట్స్‌కి ఫినిటాయిన్ లాంటివి వాడేవాళ్ళకి సరిగ్గా పనిచెయ్యదు, డాక్టర్ని అడగాలి. ఇంకోటి, దీన్ని చాలామంది గమనించరు. మాత్ర అండాన్ని వెనక్కి నెట్టింది కదా, అది తర్వాతెప్పుడో వస్తుంది. కాబట్టి "మాత్ర వేసేసుకుంది, ఇక ఈ నెల ఫ్రీ" అనుకుంటే అడ్డంగా దొరికిపోతారు.

ఇవన్నీ చెబితే పెళ్ళికాని పిల్లలు చెడిపోతారని ఓ పెద్దాయన వాదించాడు నాతో. అయ్యా, ఆన్‌సైట్ నుంచి ఆర్నెల్లకోసారి వచ్చే మొగుడికీ, ప్రాజెక్టు మధ్యలో ఉన్న పెళ్ళానికీ ఇది అక్కర్లేదా? కండోమ్ చిరిగేముందు మంగళసూత్రం ఉందో లేదో చూసుకోదు. మన దేశంలో ఈ మాత్ర 2005 నుంచి చీటీ లేకుండా అమ్మొచ్చు. ఐనా చెన్నైలో పనిచేసే మనవాళ్ళనడగండి, ఎన్ని షాపులు తిరగాలో. నిషేధమేం లేదు, ఊరికే పెట్టరు. ఈ సంస్కారం ఖరీదు గంటల్లో ఉంటుంది, ఆ గంటలు ఎవరివో మీకు తెలుసు.

నాకు మండేది మాత్రం మగాళ్ళ మీదే. "కండోమ్ ఎందుకులే, పొద్దున్న మాత్ర తెస్తా" అని ముందే డిజైన్ చేసుకునేవాణ్ణి ఏమనాలి? వాంతులు, తలతిప్పుడు, డేటు ముందుకో వెనక్కో జరగడం, ఆ టెన్షన్ అంతా ఆమెకి. వీడికి వంద రూపాయల బిల్లు. సుఖవ్యాధుల్ని ఆ మాత్ర ఆపదని కూడా వీడికి తెలీదు. ఎమర్జెన్సీ అన్న పదానికి అర్థం తెలిసే కదా ప్రొడక్షన్ సపోర్టులో నైట్ షిఫ్టులు చేస్తున్నావు?

డేటు వారం దాటినా రాకపోయినా, ఆ కలయికకి మూడు వారాలు నిండినా ఇంట్లోనే టెస్ట్ చేసుకోవాలి. పాజిటివ్ వస్తే సొంత వైద్యం కాకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. 2021 సవరణ తర్వాత చట్టంలో "భర్త" అన్న మాట తీసేసి "భాగస్వామి" అని పెట్టారు. గర్భనిరోధకం విఫలమైందన్న కారణం పెళ్ళికాని వాళ్ళకీ వర్తిస్తుంది. 18 నిండిన స్త్రీకి ఆమె సంతకం ఒక్కటే చాలు. "మీవారి సంతకం కావాలమ్మా" అని కౌంటర్లో ఎవరైనా అంటే, ఏ చట్టంలో ఉందో చూపించమనండి.