నీరాకు గిరాకీ వచ్చింది సరే, సీసా మూత బిగించే ముందు ఇది చదవండి

హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023 మే నెలలో నీరా కేఫ్ తెరిచిన దగ్గర నుంచి, ఖమ్మం–భద్రాచలం అడవి అంచున తాటి, ఈత, జీలుగు చెట్లున్న రైతులు అడిగేది ఒకటే: "సారూ, మనమూ సీసాల్లో పట్టి అమ్ముకోవచ్చా?"

కల్లుకు నురగ ఎలా వస్తుందో తెలిస్తే జవాబు సులువు. చెట్టు నుంచి కారేటప్పుడు అది తియ్యటి రసమే. లీటరులో దాదాపు 100 గ్రాములు, ఒక్కోసారి అంతకు మించి చక్కెర ఉంటుంది. గాలిలో, లొట్టిలో ఉండే ఈస్ట్ ఆ చక్కెరను తిని ఆల్కహాల్‌ను, కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. ఆ వాయువే నురగ. ఫ్రాన్స్ షాంపేన్‌లో పైకి లేచే బుడగలూ అవే.

అయితే వాళ్లు ద్రాక్షరసాన్ని ముందుగా పూర్తిగా పులియబెట్టి, చక్కెర అయిపోయాకే సీసాకు పడతారు. అప్పుడు లీటరుకు సుమారు 24 గ్రాముల చక్కెర, కాస్త ఈస్ట్ కొలిచి కలిపి, మందపాటి సీసాకు మూత బిగిస్తారు. సీసాలోనే రెండోసారి పులుస్తుంది. నెలల తరబడి నిల్వ ఉంచి, సీసాను వంచి తిప్పుతూ మడ్డిని మూతి దగ్గరికి చేర్చి తీసేస్తారు. ఆపైన బిరడా పెట్టి, అది ఎగిరిపోకుండా తీగతో కడతారు. మన దేశంలో నాసిక్‌లోనూ ఇలా చేస్తున్నారు.

ఆ 24 గ్రాములకే సీసాలో ఒత్తిడి కారు టైరులోని గాలికి రెండు మూడు రెట్లు అవుతుంది. మరి 100 గ్రాములున్న రసాన్ని మామూలు గాజు సీసాలో పోసి బిగిస్తే ఏమవుతుందో ఆలోచించండి. సీసా పగిలితే గాజు ముక్కలు కళ్లలోకే వస్తాయి. ఎండలో బండి మీద క్యానుతో కల్లు తీసుకెళ్లేవారూ మూత వదులుగానే ఉంచండి.

నీరా కావాలంటే అసలు పులియనివ్వకూడదు. లొట్టి లోపల సున్నం పూయడం పాత పద్ధతి. బెల్లం వండడానికి అది చాలు. తాగే నీరాకు మాత్రం చెట్టు మీద నుంచే చల్లదనం కావాలి. కొబ్బరి నీరా కోసం కాసరగోడులోని సీపీసీఆర్‌ఐ ఐసు పెట్టే పెట్టెను రూపొందించింది. కిందికి దించాక కూడా 4 డిగ్రీల దగ్గర ఉంచాలి. కరెంటు నిలకడ లేని గూడెం నుంచి హైదరాబాద్ దాకా ఆ చల్లదనం నిలపడం ఒక్క రైతు వల్ల కాదు. చల్లబరిచే యూనిట్ ఉన్న సంఘం దొరికితేనే దిగండి. లేదంటే తాటిబెల్లమే నయం, ధర వచ్చేదాకా ఆగొచ్చు. కట్టెల ఖర్చు మాత్రం ముందే లెక్కేసుకోండి.

ఏది చేసినా ఎక్సైజ్ అనుమతి ముందు. నిన్నటి కల్లు అడుగున మిగిలిన లొట్టిని నీరాకు కట్టకండి, ఆ మడ్డిలోని ఈస్టే కొత్త రసాన్ని కొద్ది గంటల్లో పులియబెడుతుంది.