కారు నెంబరు ఎవరి సొత్తు?

కొత్త కారు ఇంటికి రాగానే మనవాళ్లు చేసే మొదటి పని పూజ. చక్రాల కింద నిమ్మకాయలు నలుగుతాయి, బానెట్టు మీద పసుపు కుంకుమలు వెలుస్తాయి. రెండో పని స్టిక్కరు దుకాణం. అబ్బాయి ముద్దుపేరూ ఇలవేల్పు పేరూ వెనక అద్దం మీదికి ఎక్కుతాయి. ఆ సంగతి అట్లా ఉంచుదాం. దుకాణంలో కుర్రవాడు అంతటితో ఊరుకోడు. "సార్, ఈ నెంబరు ప్లేటు బోడిగా ఉండాది. మంచి డిజైనులో స్టిక్కరు కొట్టి అంటిస్తా" అంటాడు. యజమాని సరేనంటాడు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

అంటించిన నెంబరు చట్టానికి సరిపోతుందా? సరిపోదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 50, 51 నెంబర్లవి ఈ సంగతే చెబుతాయి. నెంబరు ఉండవలసింది అల్యూమినియం రేకు మీద. అక్షరాలు, అంకెలు రేకులోంచి ఉబికి ఉండాలి. కారుకైతే వాటి ఎత్తు 65 మిల్లీమీటర్లు, మందం 10, మధ్య ఎడం 10. ఎడమ పక్కన నీలిరంగు అశోకచక్రం హోలోగ్రాము, కింద లేజరుతో చెక్కిన గుర్తింపు సంఖ్య. ఒకసారి బిగిస్తే, విరగగొడితే తప్ప ఊడని తాళం. 2019 ఏప్రిల్ 1 నుంచి తయారైన బండ్లకు ఈ రేకులు కంపెనీయే ఇవ్వాలి, డీలరే బిగించాలి. పాత బండ్లనూ నిబంధన వదిలిపెట్టలేదు.

తమాషా ఏమిటంటే, చట్టం తానే ఒక స్టిక్కరు అంటించమన్నది. ముందు అద్దానికి లోపలివైపు, ఎడమ పై మూలన ఉండే ఆ చీటీని మూడో నెంబరు ప్లేటు అంటారు. పెట్రోలు బండికి లేత నీలం, డీసెలు బండికి నారింజ రంగు. పీకితే చిరిగి పాడైపోయేటట్టు చేస్తారు దాన్ని. అది రేకులకు తోడే గాని బదులు కాదు.

అమెరికాలో పిల్లలున్న తలిదండ్రులు, "అక్కడ రేకే అక్కరలేదటగా?" అనవచ్చు. కాలిఫోర్నియాలో 2022లో చేసిన చట్టం మామూలు రేకుకు బదులు వేరే సాధనాలను ఒప్పుకున్న మాట నిజమే. అవి కూడా ప్రభుత్వం పరీక్షించి అనుమతించినవే. వీధి చివర దుకాణంలో కొట్టినవి కావు.

ఇంత పట్టుదల దేనికి? కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు పోయే రోడ్డును తలచుకోండి. సాయంకాలం చీకటి పడే వేళ సైకిలు మీద పోతున్న రైతును ఒక కారు గుద్ది ఆగకుండా పోయిందనుకోండి. చూసినవాళ్లకు చిక్కేది రెండు మూడు క్షణాలు. ఆ క్షణాలలో నెంబరు కంటపడితే, పోయిన మనిషి వయస్సు, సంపాదన, అతని మీద ఆధారపడ్డవారు — అన్నీ లెక్కగట్టి ట్రిబ్యునలు నష్టపరిహారం నిర్ణయిస్తుంది. బండికి ఇన్సూరెన్సు ఉంటే ఆ కంపెనీ కట్టవలసి వస్తుంది. నెంబరు తెలియలేదా, 2022 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న పథకం కింద ప్రాణం పోతే 2 లక్షలు, తీవ్రమైన గాయమైతే 50 వేలు. అంతే. ముప్పై ఏళ్ల మనిషి, ఇద్దరు పిల్లలు, ముసలి తల్లి ఉన్న ఇంటికి ఆ రెండు లక్షలు ఎన్నాళ్లు వస్తాయి?

అందులోనూ మన సీమ ఎండలు తెలిసినవే. వేసవి మధ్యాహ్నం కారు రేకు మీద చెయ్యి పెట్టలేం. ఆ వేడికి జిగురు కరుగుతుంది, స్టిక్కరు అంచులు లేస్తాయి, మూడు కాస్తా ఎనిమిదిలా, ఎనిమిది మూడులా కనబడుతుంది. వంకరటింకర డిజైను అక్షరాలైతే చెప్పనే అక్కరలేదు. ఇదివరకు ఏ.పి. 21 అంటే కర్నూలు, ఏ.పి. 04 అంటే కడప అని సగం నెంబరు గుర్తున్నా జిల్లా అయినా తెలిసేది. 2019లో రాష్ట్రమంతటికీ కలిపి ఏ.పి. 39తో మొదలయ్యే వరస పెట్టాక కొత్త బండ్ల విషయంలో ఆ ఆధారమూ పోయింది. ఇప్పుడు ప్రతి అక్షరమూ, ప్రతి అంకే కనబడాలి.

నెంబరు బండి యజమానిదే కావచ్చును. దాన్ని చదివే హక్కు మాత్రం రోడ్డు మీద నడిచే ప్రతి మనిషిదీ. కనుక రేకు వంగినా విరిగినా డీలరు ద్వారా కొత్తది తెప్పించుకోండి. పైన ఏ స్టిక్కరూ అంటించవద్దు. బేతంచెర్ల బండల లారీల వెనక ప్రయాణం చేసి వచ్చిన రోజున, అద్దాలతోపాటు నెంబరు రేకులను కూడా తడిగుడ్డతో ఒకసారి తుడవండి.