గుర్రమెక్కిన కులం

ఎర్రకోటు, తలపాగాలతో బల్లెం పట్టిన వలసకాలపు అంగరక్షక అశ్వికుల చిత్రాలు నేటికీ గోడలకెక్కుతున్నాయి. ఆ రాజసం వెనుక కులముంది.

1911లో లవెట్ చిత్రాలతో వెలువడిన ‘ది ఆర్మీస్ ఆఫ్ ఇండియా’ సైనికులను కులాలు, తెగలుగా వర్గీకరించి ‘యుద్ధజాతుల’ సిద్ధాంతానికి రంగులద్దింది. ఆ సిద్ధాంతమే 1818లో కోరెగావ్‌లో పోరాడిన మహర్ల వారసులకు 1890లలో సైన్యం తలుపులు మూసింది.

1773లో వారన్ హేస్టింగ్స్ నెలకొల్పిన దళమే నేటి రాష్ట్రపతి అంగరక్షక దళం. అందులోకి రాజపుత్రులను, జాట్లను, జాట్ సిక్కులనే తీసుకుంటున్నామని, ఎత్తు, ఆకృతి ఒకేలా ఉండాలన్నదే కారణమని 2013లో సైన్యం సుప్రీంకోర్టుకు చెప్పింది. ఎత్తును కొలబద్ద తేలుస్తుంది, కులం దేనికి?

బగ్గీలో ఆదివాసీ రాష్ట్రపతి కూర్చోవచ్చు. ఈ నియమం ప్రకారం ఆ పక్కన గుర్రమెక్కే అర్హత ఆదివాసీ యువకుడికి లేదు. కులవివక్షను నిషేధించిన రాజ్యాంగపు 16వ అధికరణం గుర్రపుశాల గుమ్మం దగ్గరే ఆగిపోవాలా?