బండి పాతదే... స్టీరింగ్ తేలిక!

హిందూపురం మార్కెట్లో చింతపండు బస్తాలెక్కించిన పాత పికప్‌ని ఇరుకు సందులో రివర్స్ చేయాలంటే డ్రైవరు భుజాలు పట్టేస్తాయి. అదే పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచీ తయారవుతున్న కియా కార్లకైతే ఒంటిచేయి చాలు. పాత బండికీ ఆ సుఖం కావాలంటే పవర్ స్టీరింగ్ బిగించుకోవచ్చు.

ఇదేం కొత్త కిటుకు కాదు. అమెరికా ఇంజినీరు ఫ్రాన్సిస్ డేవిస్ 1926లోనే కారుకి దీన్ని అమర్చి చూపించాడు. ఇంజిన్ బెల్టుతో తిరిగే పంపు, ఆయిల్‌ని ఒత్తిడితో స్టీరింగ్ బాక్సులోకి పంపుతుంది. చేతులు పడాల్సిన శ్రమలో ఎక్కువ భాగం ఆ ఆయిలే పడుతుంది.

అయితే పంపొక్కటీ కొంటే సరిపోదు. స్టీరింగ్ బాక్సు, ఆయిల్ డబ్బా, గొట్టాలు, పుల్లీ... అన్నీ ఒకదానికొకటి సరిపోవాలి. అదే మోడల్లో పవర్ స్టీరింగ్‌తో వచ్చిన బండి సెట్టయితే మేలు. ఎందుకంటే గొట్టం పగిలినా, బెల్టు తెగినా చక్రం ఒక్కసారిగా బరువెక్కుతుంది. మలుపులో అలా జరిగితే ప్రాణాలమీదికొస్తుంది! అందుకే బిగించాక ధర్మవరం పట్టుచీరల మూటలెక్కించే ముందు ఖాళీ బండితో నాలుగు రోజులు తిప్పి చూడాలి. రవాణాశాఖనీ బీమా సంస్థనీ ముందే అడగాలి.

అన్నట్టు, ఖర్చుకి దిగేముందు టైర్లలో గాలి, కీళ్లకి గ్రీజు చూసుకోండి. కొంత బరువు అక్కడే తగ్గొచ్చు!