బరువెత్తు వేళ ఊపిరి

గడచిన మాసమున మా యింట జరిగిన యొక సంగతి మమ్మీ విషయమును వ్రాయ బురికొల్పినది. మా ఆడుబిడ్డ కూతురు, పదియాఱేండ్ల పిల్ల, మా యింటనే యుండి చదువుకొనుచున్నది. ఏడాదిగా బరువు లెత్తుట నేర్చుకొనుచున్నది. ఒకనాడు ఇనుపకడ్డీని భుజములమీదికి దెచ్చి, ఊపిరి బిగబట్టి యట్లే నిలువగా, కన్నులు చీకట్లు క్రమ్మి వెనుకకు గూలబడినది. కడ్డీ ముందుకు బడుటచే గండము గడచినది. మా అత్తగారు "ఆడపిల్లకు ఈ మోటుపని యెందుకే? రేపటినుండి మానిపించు" అని పట్టుబట్టిరి. పిల్ల అన్నము ముట్టక యేడ్చినది. ఇరువురకును సమాధానము చెప్పవలసిన భారము మాపై బడినది.

శ్రీకాకుళపు సీమబిడ్డ కరణం మల్లేశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో 110, 130, వెరసి 240 కిలోలెత్తి కంచుపతకము గెలువగా దేశమెల్ల మురిసినది. పరుల బిడ్డ యెత్తిన మెచ్చి, మన బిడ్డ నాపుట న్యాయమా? కావున మొదట పిల్లను వైద్యురాలికి జూపితిమి. ఆమె గుండెను, రక్తపుపోటును పరీక్షించి, దోషము లేదనియు, ఊపిరి పట్టు తీరే చెడ్డదనియు జెప్పిరి. పిదప విచారించి తెలిసికొన్నది యిది.

ఊపిరి బిగబట్టుటయే తప్పని యనరాదు. గాలి నిండిన తిత్తి నొక్కిన నణగదు. వట్టి తిత్తి యణగిపోవును. అట్లే పీల్చిన గాలితో పొట్టయు ప్రక్కలును బిగిసినప్పుడు వెన్నెముకకు లోపలినుండి దన్ను గలుగును. తన శక్తిలో నూటికి 80 పాళ్ళు మించిన బరువునకు క్షణకాలము ఊపిరి బిగియుట దాదాపు తప్పదు.

హాని యంతయు మితిమీరుటలో నున్నది. గొంతు మూసి బిగించినకొలది రొమ్ములోని యొత్తిడి హెచ్చి, గుండెకు మరలి రావలసిన నెత్తురు తగ్గును. రక్తపుపోటు మొదట నెగసి, ఊపిరి విడువగానే దిగజాఱును. అప్పుడు మెదడునకు నెత్తురు చాలక తల తిరుగును. సామాన్యముగా 120/80 ఉండవలసిన పోటు, 1985లో వెలువడిన యొక పరిశోధనలో, కాళ్ళతో మిక్కిలి బరువు నెట్టిన వ్యాయామపరులయందు సగటున 320/250 వఱకు బోయినది! ఆరోగ్యవంతులు క్షణకాలము దానిని తాళుదురు, అందఱును తాళలేరు.

కావున తేలిక బరువులకు ఊపిరి పట్టనే వలదు. ఎత్తునప్పుడు విడిచి, దించునప్పుడు పీల్చవలెను. పెద్ద బరువైనచో ముందుగా పొట్టయు ప్రక్కలును నిండునట్లు పీల్చి, కష్టమైన ఘట్టము దాటువఱకు రెండు మూడు సెకండ్లు మాత్రమే నిలిపి, పిదప పెదవులనడుమ మెల్లగా విడువవలెను. ప్రతి యెత్తునకు క్రొత్త ఊపిరి గావలెను. ఎత్తుటకు ముందు వడివడిగా పలుమాఱు గాలి పీల్చరాదు. అదియు తల తిరుగుటకు హేతువే. తల తిరిగిన వెంటనే బరువు దించి కూర్చుండవలెను. పెద్ద బరువు నొంటరిగా నెత్తరాదు. రక్తపుపోటు, గుండెజబ్బు, హెర్నియా గలవారును, మధుమేహముచే కన్ను చెడినవారును, గర్భిణులును, శస్త్రచికిత్స యై కొలదికాలమే యైనవారును వైద్యుల నడుగక యీ పనికి బూనరాదు.

ఇది వ్యాయామశాలకే చెల్లు మాట గాదు. బియ్యపు బస్తాను జరుపునప్పుడు, 30 కిలోలకు జేరువయగు నిండు గ్యాసుబండ నెత్తునప్పుడు, మనమును తెలియకయే ఊపిరి బిగబట్టుచున్నాము. ఇకమీదట గమనించి చూడుడు.

మా పిల్ల కొన్నాళ్ళు వట్టి కడ్డీతో ఊపిరి నేర్చుకొని, మరల బరువుల కెక్కినది. మొన్న అత్తగారే స్వయముగా బోయి చూచి వచ్చిరి. "అది ఉస్సుమని ఊపిరి విడిచేదాకా నేనే బిగబట్టుకొని కూర్చున్నానే!" అని నవ్విరి. ఇప్పుడు మానిపించు మాట యెత్తుట లేదు.