కడుపు పోయిన యింట మాటకు కరవా?

గర్భస్రావమునకు చికిత్సామార్గములు మూడు: వైద్యుల కనుసన్నలలో వేచియుండుట, మాత్రలు వాడుట, గర్భసంచిని శుభ్రపరచుట. 2006లో బ్రిటనున 1200 మంది స్త్రీలపై జరిపిన పరిశీలన వెలువడినది. అందు గర్భాశయమునకు క్రిములు సోకుట ఏ మార్గముననైనను నూటికి ముగ్గురికి మించలేదు. కావున అధిక రక్తస్రావము, జ్వరము లేనప్పుడు ఎంపిక ఆ స్త్రీదే కావలెను.

మన యిండ్ల జరుగుచున్నదేమి? వైద్యుడు భర్తతోనో అత్తగారితోనో మాటలాడును. ఆమె సంతకము మాత్రము పెట్టును. హోసూరు సంతలో అరవము, బళ్ళారి బజారులో కన్నడము చక్కగా పలుకు మన ఆడపడుచు ఆ దుఃఖవేళ తెలుగుననే తన సందేహము నడుగగలదు. “ఇచ్చటి భాష వచ్చును గదా!” యనువారికి మా జవాబిది: బేరమాడు భాష వేరు, ఏడ్చు భాష వేరు.

ఆసుపత్రులను మాత్రమే నిందించి మనము తప్పించుకొనరాదు. “బరువెత్తినది, బొప్పాయి తిన్నది” యని కోడలిని దెప్పు నోళ్లు మనవే. తొలి మాసముల గర్భస్రావములలో ఇంచుమించు సగము పిండమునందలి క్రోమోజోముల దోషమువలన కలుగును. అందు తల్లి తప్పేమున్నది? 1961 నాటి ప్రసూతి చట్టము ఉద్యోగినికి గర్భస్రావానంతరము ఆరు వారముల వేతనపు సెలవు నొసగినది. మనము ఆరు దినముల విశ్రాంతియైన నిచ్చుచున్నామా?

ఆసుపత్రిలో తెలుగు తెలిసిన నర్సు నొకతెను నియమింపుమని కోరుదము. అంతకు ముందు మన యింటిలో ఆమె మాట విందము.