కాపలా కంప్యూటరు మారింది

ఇల్లు మారడమంటే ఏమిటో ఆడవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. సామాను బండికెక్కించడం తేలికే. పాలవాడికి కొత్త చిరునామా చెప్పడం, గ్యాసు కనెక్షను మార్పించుకోవడం, పాత ఇంటి తాళంచెవులు ఎవరెవరి దగ్గర వుండిపోయాయో జ్ఞాపకం తెచ్చుకుని తిరిగి పుచ్చుకోవడం - ఇవీ అసలు పనులు. ఇంటి కాపలా కెమేరాల సాఫ్ట్‌వేరును ఒక కంప్యూటరు మీద నుంచి మరొక కంప్యూటరుకు మార్చడం కూడా అచ్చంగా అలాంటిదే. ఈ మధ్య మా కాకినాడ ఇంట్లో ఆ ముచ్చట జరిగింది గనక, మీకు పనికొస్తుందని రాస్తున్నాను.

“ఉన్న కంప్యూటరు బాగానే పనిచేస్తోందిగా, ఎందుకు మార్చడం?” అని మావారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మా పాత కంప్యూటరులో వున్నది విండోస్ 10. దానికి మైక్రోసాఫ్ట్ వారి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కొంతకాలం పొడిగించుకునే ఏర్పాటు వుంది గాని, అది వాయిదాయే. విండోస్ 11 వేద్దామంటే టి.పి.ఎం. 2.0 అనే రక్షణ సాధనం వుండాలన్నారు. మా పాతదానికి అది లేదు. ఉత్తరాలు రాసుకునే కంప్యూటరైతే పని కాగానే ఆపేసి పడుకుంటాం. కాపలా కంప్యూటరు రాత్రింబవళ్ళు ఇంటర్నెట్టుకు అతుక్కుని వుంటుంది. వీధి తలుపుకు వేసిన తాళమే తుప్పు పట్టితే ఎలా?

ముందుగా ఒక ధైర్యం చెబుతాను. కంప్యూటరు మారినా కెమేరాలను కదిలించనక్కర్లేదు. గేటు దగ్గరొకటి, పెరట్లో ఒకటి, మేడమెట్ల దగ్గరొకటి, వరండాలో ఒకటి - మా నాలుగు కెమేరాలూ ఎక్కడివక్కడే వున్నాయి. ఒక్కొక్క కెమేరాకు ఇంటి నెంబరులాంటి ఐ.పి. అడ్రసు ఒకటి వుంటుంది. కంప్యూటరులోని సాఫ్ట్‌వేరు ఆ అడ్రసుకు వెళ్ళి తలుపు తట్టి, పేరూ రహస్యపదమూ చెప్పి, బొమ్మను తెచ్చుకుంటుంది. పాలు పోసేది అదే గేదె. చెంబు పట్టుకొచ్చిన మనిషి మారాడు, అంతే.

మేం వాడేది బ్లూ ఐరిస్ అనే సాఫ్ట్‌వేరు. మీది వేరొకటైనా వరుస ఇంచుమించు ఇదే. మా మరిదిగారి అబ్బాయి చదువు ముగించి ఇంటి దగ్గరే వున్నాడు. “నువ్వు కుర్చీ వేసుకుని పక్కన కూర్చో పెద్దమ్మా, మీటలు నువ్వే నొక్కు,” అన్నాడు. అందువల్ల ఈ పనులన్నీ నా చేతి మీదుగానే జరిగాయి.

మొదటిది, పాత కంప్యూటరులోని ఏర్పాట్లన్నీ ఒక ఫైలుగా తీసుకోవడం. ఏ కెమేరా ఎక్కడుంది, ఏది కదిలితే హెచ్చరించాలి, ఎన్నాళ్ళు దాచాలి - ఇవన్నీ అందులో వుంటాయి. ఇంటి గుట్టంతా అందులో వున్నట్టే గనక, దాన్ని ఎక్కడపడితే అక్కడ వదలకూడదు. రెండవది, లైసెన్సు. ఒక లైసెన్సు ఒక కంప్యూటరుకే చెల్లుతుంది. ముందు పాతదానిలో రద్దు చేసి, తరువాత కొత్తదానిలో నమోదు చెయ్యాలి. పాతది పగలగొట్టి అమ్మేశాక ఈ సంగతి జ్ఞాపకం వస్తే, కంపెనీ వారికి ఉత్తరాలు రాసుకుంటూ కూర్చోవాలి. మూడవది, డిస్కు పేరు. పాతదానిలో బొమ్మలు ‘డి’ డిస్కులో వుండేవైతే, కొత్తదానిలోనూ ఆ పేరే పెట్టుకుంటే సాఫ్ట్‌వేరు తడుముకోదు.

నాలుగవది, కొత్త కంప్యూటరుకు పాతదాని ఐ.పి. అడ్రసే ఇప్పించడం. రౌటరులో ఆ ఏర్పాటు చేసుకోవచ్చు. లేకపోతే ఊళ్ళో వున్నవాళ్ళ ఫోన్లు, అమెరికాలో వున్నవాళ్ళ ఫోన్లు పాత చిరునామాకే వెళ్ళి, తలుపు తీసేవాళ్ళు లేక తిరిగి వస్తాయి. ఇవి కాక చిన్న చిన్న జాగ్రత్తలు: కొత్త కంప్యూటర్లకు కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే కునుకు తీసే అలవాటుంది, కాపలావాడికి ఆ అలవాటు పనికిరాదు, మాన్పించాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు దానంతటదే లేచేట్టు పెట్టాలి. గడియారం సరిచూడాలి. రేపు ఏదైనా జరిగి పోలీసులకు చూపించవలసి వస్తే, వేళ తప్పు చూపించే బొమ్మ సగం సాక్ష్యమే.

పాతదాన్ని ఆపి కొత్తదాన్ని నిలబెట్టేలోపల రెండు గంటల సేపు ఇంటికి కాపలా లేనట్టే గదా అని నా బెంగ. అందుకు మా వాడు కెమేరాల్లోనే చిన్న మెమరీ కార్డులు పెట్టాడు. కంప్యూటరు లేనప్పుడు కెమేరా తన జేబులోనే వేసుకుంటుంది. అదీగాక పని పట్టపగలు పెట్టుకున్నాం.

ఇక దాచిన బొమ్మల సంగతి. ఇక్కడ కాస్త లెక్క అవసరం. ఒక కెమేరా సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున పంపుతుందనుకోండి. రోజుకు 43 గిగాబైట్లవుతుంది. నాలుగు కెమేరాలకు సుమారు 173. అంటే 2 టెరాబైట్ల డిస్కు పదకొండు రోజుల్లో నిండిపోతుంది. నిండగానే సాఫ్ట్‌వేరు పాత బొమ్మలను చెరిపి కొత్తవాటికి చోటు చేస్తుంది. ఊరగాయ జాడీలా ఏడాది పొడుగునా నిలవ వుంటుందని అనుకునేవాళ్ళు చాలామంది వున్నారు. అది పెరుగు గిన్నె, ఏ రోజుకారోజు కడిగి తోడు పెట్టవలసిందే.

కాని మా పాతదానిలో చెరగకుండా గుర్తు పెట్టిన ముక్క ఒకటి వుంది. 2022 సంక్రాంతికి మా అత్తగారు గేటు ముందు ముగ్గు వేస్తున్న బొమ్మ. నలభై సెకన్లు. నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి, వేసిన ముగ్గును ఒకసారి చూసుకుని, ఒక చుక్క దగ్గర మళ్ళీ వంగుతుంది. ఆ ఏడే ఆవిడ వెళ్ళిపోయారు. మామగారు ఆ ముక్కను నెలకోమాటైనా పెట్టించుకుని చూస్తారు. సాఫ్ట్‌వేరు తన సొంత పద్ధతిలో దాచిన బొమ్మ ఆ సాఫ్ట్‌వేరులోనే తిన్నగా కనబడుతుంది. అందువల్ల మార్పుకు ముందు దాన్ని ఎం.పి.4గా వేరే తీసి, రెండు చోట్ల భద్రం చేశాం. మీరు కూడా ఈ పని అన్నిటికంటే ముందు చెయ్యండి. సాఫ్ట్‌వేరును మళ్ళీ కొనుక్కోవచ్చు.

అంతా అయ్యాక, ఎవరెవరు చూడవచ్చునో ఆ జాబితా వచ్చింది. మా వాడు పైకి చదివాడు. “పెదనాన్న, నువ్వు, డల్లస్‌లో అన్నయ్య, వదిన, నేను. ఇంకా... కెమేరాలు బిగించిన షాపువాళ్ళ పేర ఒకటి వుంది పెద్దమ్మా.”

ఆ కెమేరాలు బిగించి ఆరేళ్ళయింది. పని చేసిన కుర్రాడు ఇప్పుడెక్కడున్నాడో మాకు తెలియదు. అతడు మంచివాడే కావచ్చు. తాపీమేస్త్రీ మంచివాడైనంత మాత్రాన గృహప్రవేశం అయ్యాక కూడా ఇంటి తాళంచెవి ఆయన దగ్గరే వుంచుతామా? ఆ పేరు తీసేశాం. కెమేరాల రహస్యపదాలన్నీ మార్చాం. ఇది చాదస్తం కాదు. 2016లో మిరాయ్ అనే దుష్టప్రోగ్రాం ఫ్యాక్టరీలో పెట్టిన రహస్యపదాలు మార్చని కెమేరాలనూ, రికార్డర్లనూ లోకమంతటా వెతికి పట్టుకుని తన సైన్యంలో చేర్చుకుంది. ఆ ఏడు అక్టోబరు 21న ఆ సైన్యం ఒక ఇంటర్నెట్ సంస్థ మీద విరుచుకుపడితే, అమెరికాలో చాలామందికి ట్విట్టరు, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి అందలేదు. ఇంటి యజమానులకు మాత్రం తమ కెమేరా కాపలా కాస్తున్నట్టే కనబడింది.

మేం ఇలా పేర్లు చదువుకుంటూ వుంటే, వరండాలో పడక కుర్చీలో వున్న మామగారు పిలిచారు. ఆయనకు 84 ఏళ్ళు.

“అమ్మాయ్! నన్ను ఎంతమంది చూస్తారు?”

“అయిదుగురమండీ. అందరూ మనవాళ్ళే.”

“మనవాళ్ళేలే. కాని చూడు, నేను పేపరు చదువుతూ నిద్రపోతాను. నోరు తెరుచుకుంటాను. పంచె మోకాళ్ళ పైకి జారుతుంది. డల్లస్‌లో నా మనవరాలు ఆ బొమ్మ చూసి, ‘తాతయ్య అలా పడుకున్నాడేం?’ అని నవ్విందట. దానికేం తెలుసు పాపం. నాకు మాత్రం అప్పటి నుంచి ఆ కుర్చీలో కునుకు పట్టడంలేదు.”

నేను మాట్లాడలేదు. ఆ కెమేరా 2020లో, మహమ్మారి రోజుల్లో, మా అబ్బాయి పట్టుబట్టి పెట్టించినది. విమానాలు లేవు, వాడు రాలేడు. 2023లో మామగారు మెట్ల దగ్గర కాలు జారి పడితే, ఇంట్లో మేమెవరం లేని వేళ, వాడే అక్కడ ఫోనులో చూసి ఎదురింటివాళ్ళకు ఫోను చేశాడు. అలాంటి కెమేరాను వద్దనడమెలా? వుంచి ఆయన్ను ఆయన కుర్చీలోనే పరాయివాణ్ణి చెయ్యడమెలా?

ఆ రాత్రి మా అబ్బాయితో మాట్లాడాం. “తాతయ్య మళ్ళీ పడితేనో?” అన్నాడు. వాడి గొంతులో భయం వుంది గాని పెత్తనం లేదు. మామగారే ఫోను పుచ్చుకున్నారు.

“ఒరేయ్, నేను పడితే మెట్ల దగ్గర పడతాను. పడక కుర్చీలో కూర్చున్నవాడు ఎక్కడికి పడతాడు? ఆ కెమేరాను మెట్ల వైపు తిప్పించు. కుర్చీ నాకు వదిలెయ్. పక్కన బెల్లు పెట్టించుకుంటాను, అవసరమైతే నొక్కుతాను. నన్ను చూడాలంటే పొద్దున్న ఏడింటికి ఫోను చెయ్యి. నీకు అది రాత్రి భోజనం వేళేగా. పంచె సర్దుకుని, కళ్ళజోడు పెట్టుకుని కూర్చుంటాను. మాట్లాడుకుందాం.”

అవతల కాసేపు శబ్దం లేదు. తరువాత, “అలాగే తాతయ్యా,” అన్నాడు.

మర్నాడు మా వాడు నిచ్చెన వేసి కెమేరాను నాలుగు అంగుళాలు పక్కకు తిప్పాడు. అది చూసి మా పనిమనిషి, “పెరట్లోది నన్ను కూడా చూస్తదా అమ్మగారూ? నేను కుళాయి పక్కన కూకుని అన్నం తింటాను,” అంది. సాఫ్ట్‌వేరులో బొమ్మ మీద కావలసినంత మేర నల్లగా కప్పేసే ఏర్పాటు వుంది. కుళాయి మూల కప్పేశాం. దొడ్డి తలుపు మాత్రం కనబడుతుంది. దొంగ వచ్చేది తలుపులోంచి గాని అన్నం గిన్నెలోంచి కాదుగా.

అసలు ఈ ఇంటి కెమేరా పుట్టుకలోనే ఒక నీతి వుంది. న్యూయార్కులో మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నర్సు వుండేది. తలుపు తట్టినవాళ్ళెవరో తెలియక భయపడే ఇల్లాలు. భర్త ఎలెక్ట్రానిక్స్ పనివాడు. ఇద్దరూ కలిసి, తలుపుకున్న రంధ్రాల వెంట కిందికీ మీదికీ కదిలే కెమేరా, పడకగదిలో టెలివిజన్ తెర, మాట్లాడేందుకు మైకు అమర్చి, 1966లో పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. 1969 డిసెంబరు 2న వచ్చింది. అందులో చూసేది ఇంటి ఇల్లాలు. కనబడేది గుమ్మం అవతలి మనిషి. ఇప్పుడు వరస తిరగబడింది. కనబడేది ఇంట్లోవాళ్ళు, చూసేవాళ్ళు సముద్రాల అవతల. అది ప్రేమ కొద్దీ జరుగుతున్నదే. ప్రేమకైనా తలుపు తట్టి లోపలికి రావడం అందం.

చట్టం మనకు ఇందులో ఎంతో దూరం రాదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు గోప్యత ప్రాథమిక హక్కేనని చెప్పింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మాత్రం, సొంతానికీ ఇంటి అవసరానికీ ఒక వ్యక్తి చేసుకునే పనులకు వర్తించదు. అంటే వరండాలో పడక కుర్చీ హక్కులు కోర్టులో కాదు, భోజనాల బల్ల దగ్గరే తేలాలి.

చివరిగా పాత కంప్యూటరు. పాత సామానువాడికి వేసేముందు డిస్కు విప్పి తీసుకోండి, లేదా పూర్తిగా తుడిపించండి. ఫైలు చెరిపినంత మాత్రాన బొమ్మలు పోవు. తెలిసినవాళ్ళు మళ్ళీ పైకి తీయగలరు. మా ఇంటి వరండా ఏ బజారులోనో తేలడం మాకిష్టం లేక, డిస్కు బీరువాలో పెట్టి, మిగతా డొక్కు ఇచ్చేశాం.

మీ ఇంట్లో కెమేరాలుంటే, కంప్యూటరు మార్చినా మార్చకపోయినా, ఈ ఆదివారం ఒక పని చెయ్యండి. వాటిని ఎవరెవరు చూడగలరో ఒక కాగితం మీద రాయండి. రాసి మీ దగ్గరే పెట్టుకోకండి. ఆ ఇంట్లో ఎక్కువసేపు కెమేరా ముందు గడిపే మనిషి ఎవరో, వారికి చదివి వినిపించండి.